తాళం లోపల దారపు రీలు

సంక్రాంతికో, చుట్టాలింట్లో పెళ్లికో రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి వైపు బయలుదేరేటప్పుడు గుమ్మానికి తాళం వేసి, కప్పను రెండుసార్లు లాగి చూసుకోవడం మనందరికీ అలవాటే. తాళం పడింది, సరే. చెవి లేనివాడి చేతిలో అది ఎంతసేపు ఆగుతుంది? ఈవేళ ఆ సంగతి చెప్పుకుందాం.

జయపురం బజారులో తాలా అని అడిగినా, తాళం అని అడిగినా ముఖ్యంగా రెండు రకాలు చూపిస్తారు. మొదటిది లోపల లీవర్లు, అంటే సన్నని పలకలు, ఉండే కప్ప. రెండోది పిన్నుల తాళం. దీని చెవి చదునుగా ఉండి, అంచున రంపపు పళ్లలాంటి గాట్లుంటాయి. 1861లో అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. మన మాటంతా ఈ రెండో రకం గురించే.

చెవి దూరే గుండ్రని ఇత్తడి ముక్క తిరిగితే తాళం తెరుచుకుంటుంది. దానికి అడ్డంగా నాలుగో, ఐదో, ఆరో పిన్నులుంటాయి. ఒక్కో పిన్ను రెండు ముక్కలు, వెనక చిన్న స్ప్రింగు. సరైన చెవి పెడితే ఆ ముక్కల మధ్య అతుకులన్నీ ఒకే గీత మీదికి వస్తాయి, ఇత్తడి ముక్క తిరుగుతుంది.

అయితే పిన్నుల రంధ్రాలన్నిటినీ వెంట్రుకవాసి తేడా లేకుండా తొలచడం ఏ కార్ఖానా వల్లా కాదు. చవక తాళాల్లో ఆ తేడా మరీ ఎక్కువ. అందుచేత ఇత్తడి ముక్కను కొద్దిగా తిప్పి పట్టుకుంటే పిన్నులన్నీ ఒక్కసారే బిగుసుకోవు, ఒకదాని తరవాత ఒకటి బిగుస్తాయి. ఈ లోపాన్ని వాడుకునేదే రేకింగ్. అలల్లాగా వంకర్లున్న సన్నని ఉక్కు పుల్లను చెవి దూరే చోట గబగబా ముందుకూ వెనక్కూ ఆడిస్తారు. జల్లెడ ఊపితే నూక దానంతటదే రాలినట్టు, పిన్నులు ఎగిరెగిరి ఎక్కడివక్కడ నిలిచిపోతాయి. నాసిరకం తాళం నిమిషంలోపే లొంగిపోవచ్చు.

దీనికి విరుగుడుగా పుట్టినవే సెక్యూరిటీ పిన్నులు. వీటిలో పై ముక్క నడుము దగ్గర సన్నబడి అచ్చం దారపు రీలులా ఉంటుంది. పుల్ల ఆడించినప్పుడు ఆ సన్నని నడుమే గీత దగ్గర ఇరుక్కుంటుంది. తాళం కొంచెం తిరిగి, వచ్చేసినట్టే అనిపించి, ఆగిపోతుంది. ఇంకా గట్టిగా తిప్పితే మరింత బిగుస్తుంది. పట్టు సడలిస్తే అంతవరకు నిలిచిన పిన్నులు కూడా జారిపోవచ్చు. కాబట్టి ఇక్కడ ఉత్త రేకింగ్ చాలావరకు పారదు. ఓపిక, చేతిలో సున్నితం ఉన్నవాడు మాత్రం ఇదీ తీస్తాడు.

ఇవన్నీ రేడియోలో చెబితే దొంగలకు పాఠం చెప్పినట్టు కాదా అని మీలో కొందరు అనుకోవచ్చు. 1851లో లండన్‌లోనూ ఇదే రగడ జరిగింది. హాబ్స్ అనే అమెరికా తాళాల నిపుణుడు, ఎవరూ తీయలేరని పేరుపడ్డ బ్రామా తాళాన్ని 16 రోజుల్లో, మొత్తం 51 గంటలు కూర్చుని తీసి, కంపెనీ ప్రకటించిన 200 గినీల బహుమానం పట్టుకుపోయాడు. జనం కంగారు పడ్డారు. కాని ఇలాంటి కిటుకులు దొంగలకు ముందే తెలుసు, తెలియంది డబ్బిచ్చి కొనేవాడికే. నా మటుకు నేను హాబ్స్ పక్షమే.

కొనేటప్పుడు బరువు చూసి మోసపోకండి. ఇత్తడి బరువుకూ లోపలి పిన్నులకూ సంబంధం లేదు. పిన్నులెన్ని, సెక్యూరిటీ పిన్నులున్నాయా అని అడగండి, పెట్టె మీద చదవండి. తలుపు గొళ్లెం కూడా చూసుకోండి. దాని మరమేకులు బయటికి కనిపిస్తుంటే దొంగకు ఏ విద్యా అక్కర్లేదు, స్క్రూడ్రైవరు చాలు. గొళ్లెం పలచగా ఉంటే ఇనపకడ్డీతో ఒక్క పెట్టు.

ఇక మన కొరాపుట్ కొండల వానలు. తడికి తాళం పట్టేసిందని కొబ్బరినూనె పోస్తారు చాలామంది. నాలుగు రోజులు బాగుంటుంది, తరవాత దుమ్ము పట్టి జిగురై పిన్నులు మొరాయిస్తాయి. స్ప్రింగు తోసినా పిన్ను దిగకపోతే దారపు రీలు ఉండీ ఏం లాభం? నూనె బదులు గ్రాఫైటు పొడి వాడండి. రాయగడ జిల్లా కొండల్లో దొరికే ఖనిజమే అది. పొడి దొరక్కపోతే పిల్లల పెన్సిలు ముల్లును చెవి గాట్ల మీద నల్లగా రుద్ది, తాళంలో పెట్టి నాలుగైదుసార్లు తిప్పితే సరిపోతుంది.