టికెట్ బుకింగ్ వ్యవస్థలో మైక్రోసర్వీసులు, మెసేజ్ క్యూలు

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• బుకింగ్ వ్యవస్థను చిన్న సేవలుగా ఎందుకు విడదీస్తారో వివరించగలుగుతారు.
• ఏ పని వెంటనే జరగాలో, ఏ పనిని క్యూలో ఉంచవచ్చో నిర్ణయించగలుగుతారు.

1. సమస్య

తత్కాల్ బుకింగ్ ప్రయాణానికి ముందు రోజు ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, నాన్ ఏసీ తరగతులకు 11 గంటలకు మొదలవుతుంది. రద్దీ అంతా ఆ కొద్ది నిమిషాల్లోనే వచ్చి పడుతుంది. ఇలాంటి వ్యవస్థను మీరే నిర్మిస్తున్నారనుకోండి. రైళ్ల వివరాలు వెతకడం, సీటు కేటాయించడం, డబ్బు తీసుకోవడం, ఎస్ఎంఎస్ పంపడం అన్నీ ఒకే ప్రోగ్రాములో వరుసగా జరిగితే, ఎస్ఎంఎస్ ఆలస్యమైనా బుకింగ్ ఆగిపోతుంది.

అందువల్ల ఒక్కో పనిని సొంత డేటాబేస్ గల విడి ప్రోగ్రాముగా రాస్తారు. దీనినే మైక్రోసర్వీసు అంటారు. టికెట్ కొనేవారి కంటే వెతికేవారు ఎక్కువ. కాబట్టి వెతికే సేవకు మాత్రమే అదనపు సర్వర్లు జోడిస్తే సరిపోతుంది.

2. మెసేజ్ క్యూ

ఉత్తరాన్ని పోస్టు డబ్బాలో వేసిన తరువాత మనం అక్కడే నిలబడం. అలాగే ఒక సేవ సందేశాన్ని క్యూలో వేసి తన పని కొనసాగిస్తుంది. రెండో సేవ తన వీలునుబట్టి దానిని తీసుకుంటుంది. రాబిట్ఎంక్యూ, లింక్డ్‌ఇన్‌లో పుట్టి 2011లో ఓపెన్ సోర్స్‌గా విడుదలైన కాఫ్కా ఇందుకు వాడే సాధనాలు.

అయితే అన్ని పనులనూ ఇలా వాయిదా వేయలేం. చివరి సీటు కోసం ఇద్దరు ఒకేసారి ప్రయత్నిస్తే అది ఎవరిదో వెంటనే తేలాలి. అందుకే సీటు సేవ తన డేటాబేస్‌లో ఒకే ట్రాన్సాక్షన్‌లో ఆ సీటును ఒకరి పేరిట, ఉదాహరణకు 10 నిమిషాలపాటు, నిలిపి ఉంచుతుంది. ఎస్ఎంఎస్ మాత్రం క్యూలో ఉండవచ్చు.

3. డబ్బు పోయింది, టికెట్ రాలేదు

చెల్లింపు ఆలస్యమై ఆ 10 నిమిషాలు దాటితే సీటు మరొకరికి వెళ్లవచ్చు. డేటాబేస్‌లు వేరు కనుక రెండింటినీ కలిపి ఒకే ట్రాన్సాక్షన్‌గా రద్దు చేయలేం. దీర్ఘకాల ట్రాన్సాక్షన్ల కోసం 1987లో హెక్టర్ గార్సియా మొలీనా, కెన్నెత్ సేలమ్ ప్రతిపాదించిన ‘సాగా’ పద్ధతి ఇక్కడ ఉపయోగపడుతుంది. ఇందులో ప్రతి మెట్టుకూ దానిని సరిదిద్దే మరో మెట్టును ముందే రాసి ఉంచుతారు. సీటు ఖరారు కాకపోతే ‘డబ్బు తిరిగి ఇవ్వాలి’ అనే సందేశం క్యూలోకి వెళ్తుంది. ఆ సమయంలో చెల్లింపు సేవ పనిచేయకపోయినా, క్యూ సందేశాలను డిస్క్‌పై భద్రపరిస్తే ప్రయాణికుడి డబ్బు మరుగున పడదు.

ఒక జాగ్రత్త గమనించండి. డబ్బు తిరిగి ఇచ్చిన సేవ, ‘పని అయింది’ అని క్యూకు తెలిపేలోపే ఆగిపోతే అదే సందేశం మళ్లీ వస్తుంది. కాబట్టి పూర్తయిన బుకింగ్ నంబర్లను నమోదు చేసుకుని, రెండోసారి వచ్చిన సందేశాన్ని వదిలివేయాలి. ఈ గుణాన్ని ఐడెంపొటెన్సీ అంటారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ప్రయాణికుడు టికెట్ రద్దు చేసినప్పుడు ఏ పనులు వెంటనే జరగాలి? ఏవి క్యూలో ఉండవచ్చు? కారణాలు రాయండి.
2. ఎస్ఎంఎస్ రెండుసార్లు వెళ్లడానికీ, డబ్బు రెండుసార్లు తిరిగి ఇవ్వడానికీ గల తేడా ఏమిటి?