కామెర్లు జబ్బు కాదు, జబ్బుకు గుర్తు

పచ్చకామెర్లు అనగానే మన గోదావరి జిల్లాలలో ముందుగా గుర్తుకు వచ్చేది పసరు మందు. కొందరు చేతికి వాతలు కూడా పెట్టించుకుంటారు. చంటిబిడ్డకైతే "ఎండ చూపించండి, అదే పోతుంది" అంటారు. ఈ సలహాలన్నీ కామెర్లు ఒకే జబ్బు అనుకోవడం వల్ల వచ్చినవి. నిజానికి జ్వరం లాగే కామెర్లు కూడా లోపల ఉన్న వేరొక సమస్యకు గుర్తు మాత్రమే.

ఎందుకు వస్తాయి?

రక్తంలోని ఎర్రకణాలు సుమారు 120 రోజులు బ్రతుకుతాయి. అవి చితికినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం తయారవుతుంది. కాలేయం దానిని పైత్యరసంతో పాటు పేగుల్లోకి పంపుతుంది. ఎర్రకణాలు ఎక్కువగా చితికినా, కాలేయం దెబ్బతిన్నా, పైత్యరసం వెళ్లే దారి మూసుకుపోయినా ఆ పసుపు రక్తంలో నిలిచిపోయి, కళ్లలో, చర్మంపై కనిపిస్తుంది.

పుట్టిన బిడ్డలలో

నెలలు నిండి పుట్టిన పిల్లల్లో సగానికి పైగా మొదటి వారంలో పచ్చబడతారు. కాలేయం ఇంకా పూర్తిగా పని అందుకోకపోవడమే కారణం. ఇవి 2, 3 రోజులకు కనిపించి, చాలామందిలో రెండు వారాలలోపు తగ్గిపోతాయి. తల్లిపాలు మానరాదు. రోజుకు 8 నుండి 12 సార్లు పట్టాలి.

ఈ క్రింది గుర్తులుంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకురండి:

- పుట్టిన 24 గంటల లోపే పచ్చబడటం
- పసుపు అరచేతులకు, అరికాళ్లకు చేరడం
- బిడ్డ పాలు త్రాగక మగతగా ఉండటం
- మలం సుద్దలా తెల్లగా రావడం
- రెండు వారాలు దాటినా తగ్గకపోవడం

బిలిరుబిన్ మితిమీరితే మెదడులో చేరి, చెవుడు, అవయవాల వైకల్యం జీవితాంతం మిగిలిపోవచ్చు. తల్లిది నెగటివ్ గ్రూపు రక్తమైతే కాన్పుకు ముందే డాక్టరుకు చెప్పాలి. చంటిపిల్లల బట్టల్లో కలరా ఉండలు వేయకండి. కొందరు బిడ్డలకు పుట్టుకతో ఉండే ఒక లోపం వల్ల ఆ వాసనకే ఎర్రకణాలు చితికిపోతాయి.

మరి ఎండ సంగతి? 1956లో ఇంగ్లాండులోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో జీన్ వార్డ్ అనే నర్సు, ఎండ తగిలిన చోట బిడ్డ పసుపు తగ్గి, గుడ్డ కప్పిన చోట మిగిలి ఉండటం గమనించారు. ఆ పరిశీలన నుండే నీలికాంతి చికిత్స పుట్టింది. అయితే మన ఎండకు బిడ్డ ఒళ్లు కమిలి, నీరసించిపోతుంది. ఆసుపత్రి లైటు ఇచ్చినంత నీలికాంతిని కొలత ప్రకారం ఇవ్వడం ఎండతో కుదరదు.

పెద్దలలో

హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు మలంతో కలుషితమైన నీటి ద్వారా వస్తాయి. 1955-56లో ఢిల్లీలో మురుగు కలిసిన యమునా నీటి వల్ల సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. కాలువ నీటితో చెరువులు నింపుకొని త్రాగే మనకు ఇది గుర్తుండాలి. ముఖ్యంగా చివరి మూడు నెలల గర్భిణీలకు హెపటైటిస్ ఇ సోకితే, ప్రతి 100 మందిలో 20 నుండి 25 మంది వరకు చనిపోవచ్చు.

హెపటైటిస్ బి, సి రక్తం ద్వారా, వాడిన సూదుల ద్వారా వస్తాయి. పిత్తాశయంలో రాళ్లు, సారా, చేలలోనూ చెరువుల్లోనూ పనిచేసేవారికి వచ్చే ఎలుక జ్వరం కూడా కారణాలే.

హెపటైటిస్ ఎ, ఇ చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకు వస్తుంది. కానీ రాయి అడ్డుపడ్డ మనిషికి, ఎలుక జ్వరం రోగికి పసరు త్రాగి చూసే వ్యవధి ఉండదు.

ఏం చేయాలి?

- కళ్లు పచ్చబడితే ముందు రక్తపరీక్ష చేయించుకోండి.
- మాట తడబడినా, మగత, ఆగని వాంతులు, రక్తస్రావం ఉన్నా అదే రోజు ఆసుపత్రిలో చేరండి.
- డాక్టరు చెప్పకుండా మాత్రలు వేసుకోవద్దు. మద్యం ముట్టవద్దు.
- చప్పిడి పథ్యంతో నీరసించవద్దు. తినగలిగినంత మామూలు భోజనం చేయండి.
- నీరు మరిగించి, చల్లార్చి త్రాగండి.
- పుట్టిన 24 గంటల లోపు బిడ్డకు హెపటైటిస్ బి టీకా వేయించండి.

పసుపు ఒకటే, కారణాలు అనేకం. కారణం తెలిసిన తరువాతే మందు.