ట్యాంకు మూత కింద ఓ చెవి

పొద్దున్నే మోటారు వేస్తాం. ఇరవై నిమిషాలకు కట్టెయ్యాలి. ఎవరో ఒకరం మర్చిపోతాం. మేడ మీంచి నీళ్లు ధారకట్టి పక్కవాళ్ల గోడ తడిశాక ‘మీ ట్యాంకు పొర్లుతోందండీ!’ అని కేక. వేసవిలో ట్యాంకరు కొనుక్కునే హైదరాబాద్‌లో ఆ కేక విన్నప్పుడల్లా తల కొట్టేసినట్టుండేది. పగలంతా ఎవరెవరి వెబ్‌సైట్లకో కోడ్ రాస్తాను, మా ఇంటికి ఈ ఒక్క కబురు ముందే అందేలా చేయలేనా?

కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి వైఫై ఉన్న ఈఎస్‌పీ8266 బోర్డు, అల్ట్రాసోనిక్ సెన్సర్, గుప్పెడు జంపర్ వైర్లు తెచ్చుకున్నాను. ఆ సెన్సర్ చేసేది గబ్బిలం పనే. మన చెవికి అందని శబ్దాన్ని నీళ్ల మీదికి వదిలి, అది తిరిగొచ్చేదాకా కాచుక్కూర్చుంటుంది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. పట్టిన సమయాన్ని దాంతో గుణించి సగం చేస్తే నీళ్లు ఎంత లోతున ఉన్నాయో తెలిసిపోతుంది. చిక్కల్లా సెన్సర్‌ది 5 వోల్టులు, బోర్డుది 3.3. మధ్యలో రెండు రెసిస్టర్లు పెట్టి తగ్గించాలి.

ఆ రాత్రి బ్రౌజర్‌లో నీళ్ల మట్టం చూపే నీలిగీత కొంచెం కొంచెంగా పైకి లేస్తుంటే కళ్లప్పగించి చూశాను. ఇన్నేళ్లలో నా కోడ్ వెళ్లి నీళ్లను తాకడం అదే మొదలు.

ఈ ఆటలో మాకు పెద్దలున్నారు. 1991లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ కంప్యూటర్ ల్యాబ్‌లో కాఫీ కోసం మెట్లన్నీ దాటుకుని వస్తే కూజా ఖాళీగా ఉండేదట. క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్, పాల్ జార్డెట్‌స్కీ దానికి ఎదురుగా కెమెరా పెట్టి, కూజా బొమ్మ అందరి తెరల మీదా కనిపించేలా ప్రోగ్రామ్ రాశారు. 1993లో అది వెబ్‌కెక్కింది. తొలి వెబ్‌కామ్ అదేనంటారు. 2001 ఆగస్టు 22న ఆపేసేదాకా ఎక్కడెక్కడి వాళ్లో ఆ కూజాను చూశారు.

నా ట్యాంకు మాత్రం నాలుగో రోజే మొండికేసింది. సగం ఖాళీగా ఉన్నా ‘నిండింది’ అంటుంది. మూడు రాత్రులు కోడంతా గాలించాను. తప్పు దొరికింది శనివారం మీటప్‌లో. చేసినవన్నీ బల్ల మీద పరిచి ఒకరికొకరం చూపించుకునే చిన్న గుంపు మాది. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం కుర్రాడొకడు సెన్సర్ తిప్పి చూసి, “కోడ్ల తప్పేం లేదన్నా. ఆవిరి పట్టింది. కార్ల బంపర్‌కు పెడ్తరు చూడు, ఆ వాటర్‌ప్రూఫ్‌ది వెయ్. దానికి ఇరవై సెంటీమీటర్ల లోపు వినబడది, జర పైకి బిగించు” అన్నాడు.

చేసినదాన్ని గదిలో దాచుకుంటే ఆ మాట నాకెవరు చెప్పేవారు? 1975లో కాలిఫోర్నియాలో ఓ గ్యారేజీలో పుట్టిన హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్‌లో స్టీవ్ వోజ్నియాక్ తన కంప్యూటర్ సర్క్యూట్ పటాలను ఉచితంగా పంచిపెట్టాడు. మనకూ హైదరాబాద్ రాయదుర్గంలో ఇలాంటి నమూనాలు తయారుచేసుకునే టీ-వర్క్స్ 2023 నుంచి ఉంది. అయినా ముందు కావాల్సింది నలుగురు కూర్చునే ఓ బల్ల.

అదే బల్ల మీద ఇంకొకామె చిన్న చెక్కదీపం పెట్టింది. డల్లాస్‌లో వాళ్లన్నయ్య బటన్ నొక్కితే గుంటూరులో నాయనమ్మ మంచం పక్కన అది వెలుగుతుంది. మాటల్లేవు, బొమ్మల్లేవు. కోడ్ నలభై లైన్లు లేదు. ఆ రోజు చూసినవాటిలో నా మనసు పట్టుకున్నది అదే.

కొత్త సెన్సర్ బిగించి రెండు నెలలైంది. కేకలు ఆగాయి. మొన్న అమ్మ ఫోన్‌లో నీలిగీత చూస్తూ, “సిలిండర్‌లో గ్యాస్ ఎంతుందో కూడా చెబుతుందా?” అంది. బరువు తూచి చెప్పొచ్చు. అందుకు కావాల్సిన లోడ్‌సెల్ కోసం శనివారం మళ్లీ కోఠీకి వెళ్తున్నాను.