గోదారమ్మకి నాడి చూస్తున్నారు... మనకి తెలుసా?

కార్తీకమాసంలో తెల్లవారుజామున రాజమండ్రి రేవులు చూడాలి! మూడు మునకలు వేసి, దీపం వదిలి, దోసెడు నీళ్ళు తీర్థంగా పుచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. ఆ నీళ్ళెలా ఉన్నాయో ఎవరైనా చూస్తున్నారా అంటే, చూస్తున్నారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశం మొత్తమ్మీద 351 కలుషిత నదీభాగాలు గుర్తించింది. రాజమండ్రి దగ్గరి గోదావరి కూడా అందులో ఉంది. మెట్లు దిగే మనలో ఎంతమందికి తెలుసు చెప్పండి?

వరదనీళ్ళు ఎర్రగా వస్తే మన అమ్మమ్మలు బిందెలో చిల్లగింజ అరగదీసి తేర్చేవారు. కానీ తేరిన నీళ్ళన్నీ మంచినీళ్ళు కావు. మురుగుతో వచ్చే సూక్ష్మజీవులు కంటికి కనబడవుగా! స్నానానికి పనికొచ్చే నీళ్ళయితే 100 మిల్లీలీటర్లలో మలసంబంధమైన కోలిఫారం 500 లోపు ఉండాలి. ఎంత సర్దుకున్నా 2500 దాటకూడదు. కరిగిన ఆక్సిజన్ లీటరుకి 5 మిల్లీగ్రాములకి తగ్గకూడదు. ఈ ఆక్సిజన్ చూడ్డం భలే సరదాగా ఉంటుంది. గాలిబుడగ లేకుండా సీసా నింపి, ఒడ్డునే రెండు మందులు కలుపుతారు. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లగా ఉండిపోతుంది.

ఇందులో ఓ తిరకాసుంది. పగలు ఎండకి నాచూ, నీటిమొక్కలూ ఆక్సిజన్ వదులుతాయి. రాత్రి అవీ పీల్చుకునేవే! అందుకే మధ్యాహ్నం పట్టిన సీసా బాగానే ఉందంటుంది. చేపకి ఊపిరాడనిది తెల్లవారుజామున.

సీసా ఆ ఒక్క గంట సంగతే చెబుతుంది. నెలల తరబడి అక్కడే కాపురముండే పురుగులు అలా కాదు. తోకకి మూడు పోగులుండే మేఫ్లై పిల్లలు రాళ్ళకింద కనబడితే నీళ్ళు బాగున్నట్టే. మురుగు ముదిరితే ముందు పోయేవి అవే. ఎర్ర దారప్పోగుల్లా మెలికలు తిరిగే పురుగులు మాత్రమే మిగిలాయా... అనుమానించాల్సిందే. వాటి ఒంట్లో మన రక్తంలో లాగే హిమోగ్లోబిన్ ఉంటుంది, కొద్దిపాటి ఆక్సిజన్‌తోనూ బతికేస్తాయి. ఈ పురుగుల్ని లెక్కగట్టే పద్ధతి కేంద్ర మండలి దగ్గరా ఉంది. బళ్ళో సైన్సు టీచరమ్మలు పిల్లలకి చూపిస్తే ఎంత బాగుంటుందో!

వార్డు మీటింగుకి వెళ్ళినప్పుడు కుళాయిల గురించి అడుగుతాం కదా, రేవు గురించీ అడుగుదాం. నీళ్ళు ఏ రేవులో పట్టారు, ఎన్ని గంటలకి పట్టారు? నది నడిమధ్య నీళ్ళు వేరు, మనం కాలుపెట్టే మెట్టు దగ్గర నీళ్ళు వేరు. వేసవి నెలల లెక్క మాత్రం మరిచిపోకండి. అప్పుడు గోదావరి సన్నబడుతుంది, ఊరి మురుగేమో ఎప్పటంతే వస్తుంది.