అనంతపురం మెట్టప్రాంతంలో కుక్కలు, పిల్లుల పోషణ

అనంతపురం పీఠభూమి పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న కరవు ప్రాంతము. పూర్వపు అనంతపురం జిల్లా 2022లో అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విభజింపబడినది. ఇక్కడ సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఈ పల్లెలలో కుక్క గొర్రెల మందకో, కళ్ళానికో, ఇంటికో కాపలా ఉంటుంది. పిల్లి వేరుశనగ మూటల వద్ద ఎలుకలను పడుతుంది. వీటికి ప్రత్యేకించి వండేవారు తక్కువ. ఇంట్లో మిగిలినదే వాటి తిండి. కావున మిగిలినదానిలో ఏది పెట్టవచ్చునో, ఏది పెట్టరాదో తెలియడం ముఖ్యము.

ఆహారం

కుక్క తోడేలు జాతి నుండి వచ్చినదైనను, మనిషితో కలిసి బ్రతకడం వలన పిండిపదార్థాలను జీర్ణించుకొనే శక్తిని పొందినది. స్వీడన్ శాస్త్రజ్ఞులు 2013లో ప్రచురించిన జన్యు పరిశోధన ఈ విషయాన్ని నిరూపించినది. కాబట్టి రాగి సంగటి, జొన్నరొట్టె, అన్నం కుక్కకు పెట్టవచ్చును. అయితే అవి మాత్రమే చాలవు. ఉడికించిన గుడ్డు, మాంసం, పప్పు, పెరుగు వంటివి కలపాలి. వండిన కోడి ఎముకలు పెట్టరాదు. అవి వాడిగా విరిగి గొంతులోనో, పేగులలోనో గుచ్చుకుంటాయి.

పిల్లి సంగతి వేరు. అది పూర్తిగా మాంసాహారి. టారిన్ అనే పదార్థం దానికి మాంసం, చేపల ద్వారానే లభిస్తుంది. అది లోపిస్తే చూపు మందగిస్తుంది, గుండె కండరం బలహీనపడుతుంది. పాలు పోస్తే పిల్లికి కడుపు నిండినట్లే అనుకోవడం మన ఇండ్లలో పాత అలవాటు. నిజానికి ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలలోని చక్కెర అరగదు, విరేచనాలు అవుతాయి.

ఉల్లి, వెల్లుల్లి ఈ రెండు జంతువుల ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి. కిలో శరీరబరువుకు 5 గ్రాముల ఉల్లి పిల్లికి, 15 నుండి 30 గ్రాముల ఉల్లి కుక్కకు హాని చేయగలదు. వండినా ఈ గుణం పోదు. పులుసు, ఊరుబిండి కలిపిన సంగటి ముద్దను కుక్క ముందు వేయడం పల్లెలలో మామూలే గాని, సంగటిని విడిగా తీసి ఉంచడం పెద్ద శ్రమ కాదు. ద్రాక్ష, చాక్లెట్ కూడ పెట్టరాదు.

బూజు పట్టిన వేరుశనగ

ఈ ప్రాంతంలో అన్నిటికంటె జాగ్రత్త పడవలసినది ఇదే. ఎర్రనేలల్లో వర్షాధారంగా పండే వేరుశనగకు కాయ ఊరే దశలో వాన ముఖం చాటేస్తే, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం గింజలోనికి చేరుతుంది. సరిగా ఎండని కాయలను మూటకట్టినపుడు మరింత పెరుగుతుంది. అది తయారుచేసే విషం పేరు అఫ్లటాక్సిన్. వేయించినా, ఉడికించినా ఇది పూర్తిగా పోదు. నూనె తీసిన తరువాత విషంలో అధికభాగం చెక్కలోనే మిగులుతుంది. పశువుల కుడితి తొట్టిలో నానిన చెక్కను కుక్క నాకడం, ఏరివేసిన బూజు గింజలను దానికి పారవేయడం ప్రమాదకరము.

ఈ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. తిండి మానివేయడం, వాంతులు, కళ్ళు పచ్చబడడం, పొట్టలో నీరు చేరడం, రక్తస్రావం దీని లక్షణాలు. విరుగుడు మందు లేదు. త్వరగా గుర్తించి చికిత్స చేయిస్తే కొన్ని బ్రతుకుతాయి.

1974లో రాజస్థాన్‌లోని బాంస్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాలలో బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బు పడగా, 106 మంది మరణించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు దీనిని పరిశోధించారు. అక్కడ మనుషులకు ముందు ఊరకుక్కలలోనే పొట్ట ఉబ్బడం, కామెర్లు కనిపించాయి. ఇంటివారు తినేదే తినే కుక్కకు కామెర్లు వస్తే ఇంటి గింజలను కూడ పరీక్షించుకోవాలి.

నీరు, ఎండ

కుక్కకు రోజుకు కిలో శరీరబరువుకు సుమారు 50 నుండి 60 మిల్లీలీటర్ల నీరు కావాలి. 20 కిలోల కుక్కకు ఇది లీటరు పైమాటే. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే వేసవిలో ఇంకా ఎక్కువ. కుక్కకు చెమట గ్రంథులు ముఖ్యంగా పాదాల అడుగున ఉంటాయి. అందుచేత అది రొప్పడం ద్వారానే ఒంటి వేడిని తగ్గించుకొంటుంది. ఒంటి వేడి 41 డిగ్రీలు దాటితే వడదెబ్బ. అప్పుడు నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి, గాలి తగలనిచ్చి వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. నోట్లో బలవంతంగా నీరు పోయరాదు.

పిల్లి పూర్వీకులు ఎడారి జంతువులు కావున అది తక్కువ నీరు త్రాగుతుంది. అయినను మగపిల్లి మూత్రం పోయలేక పదేపదే ముక్కుతుంటే ఆలస్యం చేయరాదు; ఒకటి రెండు రోజులలోనే ప్రాణాపాయం కలుగవచ్చును.

మందులు, టీకాలు

మనుషుల మాత్రలు వీటికి వేయరాదు. ఒక్క పారాసెటమాల్ మాత్ర పిల్లిని చంపగలదు. గోదాములో జింకు ఫాస్ఫైడు వంటి ఎలుకల మందు పెట్టినవారు చచ్చిన ఎలుకలను వెంటనే లోతుగా పూడ్చాలి. కుక్కల పిడుదులకు వాడే పెర్మెత్రిన్ పిల్లులకు విషము.

రేబిస్ టీకా మూడవ నెలలో వేయించి, తరువాత వైద్యుడు చెప్పిన ప్రకారం మరల వేయించాలి. లూయీ పాశ్చర్ 1885 జూలై 6న మొదటిసారి మనిషికి ఈ టీకా వేసిన సందర్భంగా ఆ తేదీని ప్రపంచ జూనోసిస్ దినంగా పాటిస్తారు. ఆ రోజున ప్రభుత్వ పశువైద్యశాలలలో ఉచితంగా టీకాలు వేస్తారు. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కారం, సున్నం, పసరు పూయరాదు.

కానుకలు

పెంపుడు జంతువు ఉన్న ఇంటికి ఏమైనా ఇవ్వదలచినవారు అంగడిలోని రంగురంగుల బొమ్మల కంటె వాడుకకు వచ్చేవి ఇవ్వడం మేలు. వెడల్పాటి బరువైన మట్టి లేక సిమెంటు తొట్టి ఒరిగిపోదు, నీరు త్వరగా వేడెక్కదు. గోనెసంచి పరుపు, మెత్తని మెడపట్టీ కుక్కకు. గోళ్ళు గీరుకొనేందుకు కొబ్బరిత్రాడు చుట్టిన దుంగ పిల్లికి పనికివస్తాయి. దారపు ఉండలు, జరీ రిబ్బన్లు పిల్లికి ఇవ్వరాదు. మింగిన దారం పేగులను కోసివేస్తుంది.