వేసవిలో అగ్నిభయము: రైతు ముందుగా చేయవలసిన పనులు

ఇల్లు కాలుచుండగా నూయి త్రవ్వబూనుట వ్యర్థమని పెద్దలు చెప్పుదురు. ఈ మాట నెఱిగియు మనలో పలువురు వేసవి ముదురువఱకు నుపేక్షించుచున్నారు.

కొన్నియేండ్ల క్రిందట కృష్ణా డెల్టాలోని యొక గ్రామమున మిట్టమధ్యాహ్నము గడ్డివామి యంటుకొనుట మేము చూచితిమి. వడగాడ్పునకు రవ్వలెగిరి ప్రక్కనున్న తాటియాకుల కొట్టముపై బడెను. జనులు పలువురు చేరిరి. చెఱువును చేరువనే యుండెను. కాని పలుపుల ముడులు బిగిసి యూడిరాలేదు. కోయుటకు కొడవలి వెదకులోపల చూరు కూలెను. రెండు పాడిగేదెలు గుంజల కడనే ప్రాణములు విడిచినవి. ఒక కొడవలి ద్వారము కడ నుండినచో నవి బ్రదికెడివి. కావున నీ క్రింది పనులను రోహిణీ కార్తె రాకమున్నే ముగింపుడని మా మనవి.

మొదటిది గడ్డివామి. దానిని ఇంటికిని కొట్టమునకును 60 అడుగులకు తక్కువగాని దూరమున, విద్యుత్తు తీగెల క్రిందగాక వేయుట మేలు. చోటున్నచో నొక పెద్దవామికి మాఱుగా రెండు చిన్నవాములు వేయుడు; ఒకటి పోయినను రెండవది పశువులకు మిగులును. చుట్టును 10 అడుగుల మేర ఎండుటాకులను, గడ్డిని చెక్కి నేలను శుభ్రపఱుపుడు. తడిగడ్డిని వామి వేయరాదు. అది లోపల పులిసి వేడెక్కి తనంతట తానే రాజుకొనవచ్చును. వామినుండి ఆవిరియు మాడువాసనయు వచ్చినచో, నీరు సిద్ధము చేసికొనక దానిని విప్పరాదు. గాలి సోకినంతనే మంట లేచును.

రెండవది కొట్టము. గుంజకు పలుపును లాగిన నూడివచ్చు జాఱుముడిగా కట్టుడు. తలుపునకు తాళము వేయకుడు. పదునైన కొడవలిని ద్వారబంధము ప్రక్కన తగిలించి, ఇంటిల్లిపాదికిని దాని చోటు చూపుడు.

మూడవది నీరు. మోటారున్నదను ధైర్యము చాలదు. నిప్పు పుట్టినంతనే కరెంటు తీసివేయవలెను. తీసినపిదప మోటారు తిరుగదు. తీయకమున్ను తీగెలపై నీరు చల్లిన ప్రాణాపాయము. అందుచే తొట్టినిండ నీరు, బొక్కెనలు, ఇసుక, తడిపి కప్పుటకు గోనెసంచులు, నిచ్చెన ఎల్లప్పుడు సిద్ధముగ నుండవలెను. అగ్నిమాపక దళమువారిని పిలుచుటకు 101 అను సంఖ్యను గోడపై వ్రాయుడు. వారి బండి వచ్చు దారిలో కట్టెలమోపులు, బండ్లు నిలుపకుడు.

నిచ్చెనలు, బొక్కెనలు ఒక్కొక్కరు కొనలేనిచో సంఘము పక్షమున వీధికొక జత యుంచుకొనవచ్చును. ముడి మాత్రము ఎవరిది వారే చూచుకొనవలెను. సభ్యులు ఈ సాయంకాలమే కొట్టములోనికి పోయి, తమ పలుపు ఎంతసేపటిలో నూడునో ఒకమాఱు విప్పి చూతురు గాక.