పొరుగింటివారు ఖుర్ఆన్ అడిగితే...

ఖమ్మం మొదలుకొని పాల్వంచ, కొత్తగూడెం, భద్రాచలం అడవుల దాకా మన కుటుంబాలు ముస్లిమేతరుల మధ్యనే బతుకుతున్నాయి. ఎదురింట్లో రామభక్తులుంటారు, పక్కింట్లో చర్చికి వెళ్లేవారుంటారు. వెనుక వీధిలో ఏ దేవుణ్ణీ నమ్మని కమ్యూనిస్టు కార్యకర్త ఉంటాడు. ఊరు దాటితే కోయగూడెం. ఉద్యమాలతో పాటు పుస్తకం చదివే అలవాటూ పెరిగిన ప్రాంతమిది. అందుకే ఇక్కడ మన ఇళ్ల ముందుకు అప్పుడప్పుడూ ఒక కోరిక వస్తుంటుంది: "భాయ్, మీ మతంలోకి రావడానికి కాదు. సాహిత్యంగా ఒకసారి చదువుదామని. తెలుగు ఖుర్ఆన్ ఉంటే ఇస్తారా?"

ఈ మాట వినగానే మన ఇళ్లలో రెండు రకాల స్పందన కనిపిస్తుంది. పెద్దలు జంకుతారు. దైవగ్రంథాన్ని కథల పుస్తకంలా చదువుతానంటే దాని గౌరవం ఏం కావాలని వారి బాధ. యువకులు ఉత్సాహపడతారు. చదివితే చాలు, రేపో మాపో ఆయన కలిమా చదువుతాడని వారి ఆశ. ఈ జంకూ అవసరం లేదు, ఈ తొందరా అవసరం లేదు. విశ్వసించనివాడు ఖుర్ఆన్ వినడం, చదవడం మనం కొత్తగా ఇచ్చే అనుమతి కాదు. ఆ హక్కును గ్రంథమే అతనికి ఇచ్చింది.

తొలి శ్రోతలు ఎవరు?

కాస్త ఆలోచిస్తే తెలుస్తుంది. మక్కాలో ఖుర్ఆన్‌ను మొదట విన్నవారిలో అత్యధికులు దాన్ని విశ్వసించనివారే. వారు కవిత్వం ఎరిగినవారు, మాట విలువ తెలిసినవారు. అలాంటివారి ముందే ఖుర్ఆన్ సవాలు ఉంచింది. సందేహముంటే ఇలాంటి ఒక్క సూరా అయినా రచించి తెమ్మని బఖరా సూరా 23వ ఆయత్ అడుగుతుంది. బాగోగులు తూచగల శ్రోత ఎదురుగా ఉంటేనే కదా అలాంటి సవాలుకు అర్థం! తాను కవిత్వం కాదని చెప్పుకున్న గ్రంథమే తన మాటను కవిత్వం తెలిసినవారి ముందు పరీక్షకు పెట్టింది.

ఖురైష్ నాయకుడు ఉత్బా బిన్ రబీఆ ఉదంతం సీరత్ గ్రంథాల్లో ఉంది. ధనం, నాయకత్వం ఆశ చూపి దైవప్రవక్త (స)ను తమ దారికి తెచ్చుకోవాలని ఆయన వచ్చాడు. ఆయన మాటలన్నీ సాంతం విన్న తర్వాతే ప్రవక్త (స) హామీమ్ సజ్దా సూరా వినిపించారు. ఉత్బా తన వారి దగ్గరికి తిరిగి వెళ్లి, తాను విన్నది కవిత్వం కాదు, మంత్రతంత్రం కాదు, సోదె కాదు, అలాంటి మాట అంతకుముందు ఎన్నడూ వినలేదని చెప్పాడు. అయినా ఆయన ఇస్లాం స్వీకరించలేదు. బద్ర్ యుద్ధంలో అటువైపే నిలిచి మరణించాడు. గమనించదగ్గ విషయం ఏమంటే, విశ్వసించని ఆ మనిషి చెప్పిన తీర్పును ముస్లిం చరిత్రకారులు చెరిపివేయలేదు, భద్రపరిచారు. నమ్మకం లేకపోయినా అతని చెవి నిజాయితీగా పనిచేసిందని వారు ఒప్పుకున్నట్లే కదా.

తౌబా సూరా ఆరో ఆయత్ ఇంకా స్పష్టం. యుద్ధం నడుస్తున్న కాలంలో బహుదైవారాధకుడెవరైనా ఆశ్రయం కోరితే ఇవ్వాలి, దైవవాక్యం వినే వీలు కల్పించాలి, ఆ తర్వాత అతణ్ణి భద్రమైన చోటికి చేర్చాలి. విన్న తర్వాత విశ్వసిస్తేనే చేర్చమన్న షరతు అందులో లేదు. యుద్ధకాలంలో శత్రుపక్షంవాడికే ఈ హక్కు ఉంటే, పండుగనాడు మనింటి సేమ్యా పాయసం తినే పొరుగింటివారికి ఉండదా?

గోదావరి ఒడ్డున నూహ్ గాథ

సాహిత్యంగా చదవడమంటే గ్రంథాన్ని తక్కువ చేయడమేనన్నది మరో అపోహ. నిజానికి ఆ పనిని అందరికన్నా లోతుగా చేసినవారు మన పండితులే. పదకొండో శతాబ్దికి చెందిన అబ్దుల్ ఖాహిర్ జుర్జానీ "దలాయిలుల్ ఏజాజ్" అనే గ్రంథం రాశారు. మాట అందం విడి పదాల్లో ఉండదు, ఆ పదాలు ఒకదానితో ఒకటి కూడిన తీరులో ఉంటుందని ఆయన సిద్ధాంతం. దానికి ఆయన చూపిన ప్రసిద్ధ ఉదాహరణ హూద్ సూరా 44వ ఆయత్. నూహ్ (అలైహిస్సలాం) కాలపు జలప్రళయం ముగిసే ఘట్టమది. నీటిని మింగివేయమని భూమికి, ఇక ఆగమని ఆకాశానికి ఆజ్ఞ అవుతుంది. నీరు తీస్తుంది. ఓడ జూదీ కొండ మీద నిలుస్తుంది. ఆ ఆజ్ఞ ఎవరిదో పేరు చెప్పడం ఉండదు. ఆజ్ఞ అయిందని మాత్రమే ఉంటుంది. అంతటి శక్తికి పేరు చెప్పనక్కర లేదన్నట్లుగా వాక్యం నడుస్తుంది.

భద్రాచలం మనిషికి ఈ ఆయత్‌ను విడమరచి చెప్పనక్కర లేదు. ఇక్కడ గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు ఎక్కింది. 2022 జూలైలో మళ్లీ 71 అడుగులు దాటింది. నీరు ఎప్పుడు తీస్తుందా అని రాత్రంతా మేలుకొని చూసినవారు ఏ మతంవారైనా సరే, భూమికీ ఆకాశానికీ ఆజ్ఞ అయ్యే ఆ చోట ఒక్క క్షణం ఆగుతారు.

అక్కడ వారు మరో చోట కూడా ఆగుతారు. ఓడ ఎక్కమని తండ్రి పిలిస్తే కొడుకు రాడు. కొండ ఎక్కి ప్రాణం కాపాడుకుంటానంటాడు. తండ్రీకొడుకుల మాటలు ఇంకా సాగుతుండగానే ఇద్దరి నడుమ కెరటం అడ్డుపడుతుంది. మునిగినవారిలో అతనూ ఉన్నాడని చెప్పి గ్రంథం ముందుకు సాగుతుంది. మునిగే మనిషి వర్ణన లేదు, తండ్రి రోదన వర్ణన లేదు. ఆ తర్వాత తండ్రి తన కొడుకు గురించి మొర పెట్టుకుంటే, అతను నీ కుటుంబంవాడు కాడని జవాబు వస్తుంది.

విశ్వసించని పాఠకుడు ఇక్కడ మనల్ని తప్పకుండా అడుగుతాడు. కన్నతండ్రి మొరకు ఇంత కఠినమైన జవాబా అని. ఈ ప్రశ్నకు మనం ముఖం చిట్లించుకోకూడదు. మన వ్యాఖ్యాతలు ఈ ఆయత్‌ల వద్ద ఎంతో చర్చ చేశారు. రక్తసంబంధం కన్నా ఆచరణే మనిషిని నిలబెడుతుందని, ప్రవక్త కొడుకైనా మినహాయింపు లేదని వారు వివరించారు. ఆ వివరణ అతనికి నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. కానీ ఆ కెరటం దగ్గర గుండె కలుక్కుమన్న పాఠకుడు ఆ ఆయత్‌లను మనసు పెట్టి చదివాడనడంలో సందేహం లేదు.

అంగీ చెప్పే కథ

కథగా చదివేవారికి మొదట చూపవలసింది యూసుఫ్ సూరా. 111 ఆయత్‌లలో ఒకే వృత్తాంతం మొదటి నుంచి చివరి దాకా సాగుతుంది. గాథలన్నిటిలో శ్రేష్ఠమైనదని ఆ సూరాయే తన కథను గురించి చెప్పుకుంటుంది. మొదట్లో ఒక బాలుడు కల కంటాడు. చివర్లో ఆ కల నిజమవుతుంది. నడుమ ఒక అంగీ మూడుసార్లు వస్తుంది. అన్నలు అబద్ధపు నెత్తురు పూసి తండ్రికి చూపింది మొదటి అంగీ. వెనుక నుంచి చిరిగి యూసుఫ్ (అలైహిస్సలాం) నిర్దోషి అని తేల్చింది రెండోది. ముఖం మీద వేయగానే తండ్రికి పోయిన చూపు తెచ్చింది మూడోది. ఒక అంగీ అబద్ధం చెప్పింది, ఒకటి సాక్ష్యం చెప్పింది, ఒకటి శుభవార్త చెప్పింది. కథానికలు, నవలలు చదివే అలవాటున్న పాఠకుడు దీన్ని చప్పున పట్టుకుంటాడు. ఏళ్ల తరబడి తిలావత్ చేసినవారిలో ఎందరం దీన్ని గమనించాం?

చెవితో చదవవలసిన గ్రంథం

ఇక్కడ అనువాదం సంగతి చెప్పుకోవాలి. తెలుగులో ఖుర్ఆన్ అనువాదానికి తొలినాళ్లలోనే పూనుకున్నవారు చిలుకూరి నారాయణరావు. "ఆంధ్ర భాషా చరిత్రము" రాసిన భాషావేత్త ఆయన. ముస్లిం కాని ఒక పండితుడు ఈ పని తలకెత్తుకోవడం తెలుగువారి చరిత్రలో చిన్న విషయం కాదు. ఆ తర్వాత మన పండితుల అనువాదాలు అనేకం వచ్చాయి. అయితే ఏ అనువాదంలోనైనా అర్థం వస్తుంది గాని నాదం పూర్తిగా రాదు. నిజాం కొలువులో ఉంటూ 1930లో ఆంగ్లానువాదం ప్రచురించిన పిక్తాల్ గారు కూడా ఖుర్ఆన్‌ను అనువదించడం సాధ్యం కాదనే అభిప్రాయపడ్డారు.

ఖుర్ఆన్ అన్న పేరులోనే చదివి వినిపించడమనే అర్థం ఉంది. ఈ విషయం అడవి ప్రాంతంవారికి తేలికగా బోధపడుతుంది. కోయల డోలి కళాకారులు పడిగె అనే బొమ్మల గుడ్డను విప్పి తమ గోత్రాల గాథలు పాడతారు. ఆ గాథను కాగితం మీద రాసిపెడితే అందులో సగమే మిగులుతుంది. విశ్వాసం సంగతి వేరు, వినికిడి సంగతి మాత్రం ఇదే. అర్‌రహ్మాన్ సూరాలోని 78 ఆయత్‌లలో ఒకే ప్రశ్న 31 సార్లు వస్తుంది. అచ్చులో చూసినవారికి అది పునరుక్తిగా తోచవచ్చు. కానీ శతకాలు వింటూ పెరిగిన తెలుగువాడికి మకుటం అంటే ఏమిటో తెలుసు. రామదాసు దాశరథీ శతకంలో ప్రతి పద్యమూ ఒకే పిలుపుతో ముగుస్తుంది. తిరిగి వచ్చిన ప్రతిసారీ ఆ మాట ముందటి పద్యం బరువును కూడా మోసుకొస్తుంది. ఈ సంగతి ఎరిగినవాడు అర్‌రహ్మాన్ సూరాను ఒకసారి ఖారీ కంఠంలో వింటే చాలు, పునరుక్తి అనడు.

పొగడ్తలు ఏరుకోవద్దు

ముస్లిమేతర ప్రముఖుల మెచ్చుకోలు మాటలను ఏరి కరపత్రాల్లో అచ్చువేయడం మనకు అలవాటు. థామస్ కార్లైల్ పేరు వాటిలో తప్పక ఉంటుంది. 1840లో లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో ఆయన దైవప్రవక్త (స) నిజాయితీని గట్టిగా సమర్థించిన మాట వాస్తవం. అదే ఉపన్యాసంలో, ఖుర్ఆన్ చదవడం తనకు మహా శ్రమ అయిందని, గజిబిజిగా తోచిందని కూడా అన్నాడు. ఆయన చదివింది జార్జ్ సేల్ 1734లో చేసిన ఆంగ్లానువాదం. మనం మొదటి మాట ఉంచుకొని రెండోది వదిలేస్తున్నాం. ఇది న్యాయమా?

ఆ రెండో మాటకు జవాబు దొరికింది మరో ముస్లిమేతరుని దగ్గరే. 1955లో ఖుర్ఆన్‌ను ఆంగ్లంలోకి తెచ్చిన ఆర్థర్ ఆర్బెరీ, రమజాన్ రాత్రుల్లో కైరోలోని తన ఇంటి వరండాలో కూర్చొని ఒక వృద్ధ షేఖ్ పారాయణాన్ని మైమరచి వినేవాడినని రాసుకున్నాడు. ఆ లయను తన భాషలో కొంతైనా పట్టుకోవాలని ప్రయత్నించాడు. ఒకరు కంటితో మాత్రమే చదివి అలసిపోయారు, మరొకరు చెవితో విని నిలిచిపోయారు. ఇద్దరూ ముస్లింలు కాలేదు. ఇద్దరి మాటా మనకు పనికొస్తుంది. అలాంటివారిని మన సాక్షులుగానో సగం ముస్లింలుగానో లెక్కవేసుకోవడం వారికి అన్యాయం, మన విశ్వాసానికీ శోభ కాదు.

మన దగ్గరా ఉన్న అలవాటే

ఇతరుల పవిత్ర సాహిత్యాన్ని నమ్మకం మార్చుకోకుండానే ఆస్వాదించడం మనకు మాత్రం తెలియనిదా? నేలకొండపల్లిలో పుట్టి, తానీషా ఏలుబడిలో తహసీల్దారుగా పనిచేసి, గోల్కొండ చెరసాలలో మగ్గిన కంచర్ల గోపన్న కీర్తనలను రేడియోలో విని తలలూపిన పెద్దలు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. చెరలో ఉన్న మనిషి తన దైవంతో దెబ్బలాడే తీరు వారిని కదిలించింది. దానితో వారి నమాజు చెడలేదు. ఖమ్మంలో చదువుకున్న దాశరథి కృష్ణమాచార్య నిజాం పాలనను ధిక్కరించి జైలుకు వెళ్లారు. అదే దాశరథి గాలిబ్ గజళ్లను ప్రేమతో తెలుగు చేశారు. పాలకునితో పోరాటం వేరు, పద్యంతో స్నేహం వేరు. ఇతరులు ఆరాధించేవాటిని దూషించవద్దని అన్‌ఆమ్ సూరా 108వ ఆయత్ మనల్ని ఆదేశిస్తుంది. ఆ మర్యాద మనం పాటిస్తేనే మన గ్రంథం విషయంలో వారి నుంచి అదే మర్యాద ఆశించగలం.

మన వంతు

పొరుగువారు అడిగితే తెలుగు అనువాదం సంతోషంగా ఇవ్వండి. అనువాదాన్ని, వ్యాఖ్యానాన్ని ముట్టుకోవడంలో చాలామంది ఉలమాలు వెసులుబాటు చెప్పారు. అరబీ మూలం ఉన్న ప్రతి విషయంలో సందేహముంటే మీ ఇమామ్ గారిని అడగండి. ఇచ్చేటప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. యూసుఫ్, హూద్, అర్‌రహ్మాన్ మంచి ఆరంభం. ఒక పూట పిలిచి పారాయణం వినిపించండి. వారం తిరగకుండానే ఏమనిపించిందని వెంటపడకండి. ప్రశ్న అడిగితే తెలిసినంత చెప్పండి, తెలియకపోతే తెలుసుకొని చెబుతామనండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటుంది. మన పిల్లల్లో ఎందరో నాజిరా పూర్తి చేస్తారు, అక్షరం తప్పకుండా చదువుతారు. ఆ అంగీ మూడుసార్లు ఎందుకు వచ్చిందని పక్కింటి మాస్టారు అడిగితే మాత్రం బిక్కముఖం వేస్తారు. విశ్వసించనివాడు అర్థం తెలిసి చదువుతుంటే, విశ్వసించిన మనం అర్థం తెలియకుండా చదువుతున్నామన్నది చేదు నిజం. జుమా రోజు సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చొని ఒక పుట అరబీలో చదివి, అదే పుట తెలుగులో చదువుకుంటే ఎంత సమయం పడుతుంది? పొరుగువారి చేతికి గ్రంథం ఇచ్చేముందు మన ఇంట్లోనూ దాన్ని విప్పి చదువుకుందాం. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధి ప్రసాదించుగాక. ఆమీన్.